పుర్రె అడుగు గడ్డకి పెట్ స్కాన్ రాశారా? కోనసీమ నుంచి బయల్దేరే ముందు ఏం చేయాలి

మా చిన్నాన్నకి కుడి చెంప తిమ్మిరెక్కడం మొదలైనప్పుడు పన్ను తేడా చేసిందనుకున్నాం. పన్ను పీకించాం కూడా. తిమ్మిరి తగ్గలేదు. రెండు నెలల తర్వాత అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలో దింపు తీయిస్తుండగా చెట్టు వంక చూసి "ఏరా, ఇద్దరెక్కారేంట్రా?" అని అడిగారు. చెట్టు మీద ఉన్నది ఒక్కడే. ఇది పన్ను గొడవ కాదని అప్పుడు అర్థమైంది. కాకినాడ తీసుకెళ్తే ఎంఆర్ఐ తీశారు. పుర్రె అడుగున, కంటిని తిప్పే నరాలు వెళ్లే చోట చిన్న గడ్డ కనిపించింది. డాక్టరుగారు చీటీ మీద పెట్-సిటీ (పెట్, సిటీ రెండూ ఒకే యంత్రంలో తీసే స్కాన్) అని రాసి, తీయించుకుని రమ్మన్నారు.

మేం ఆ చీటీ పట్టుకుని నేరుగా ఒక స్కానింగ్ సెంటర్‌కి ఫోన్ చేసేశాం. దాంతో ఒక ప్రయాణం దండగ, కొంత డబ్బు దండగ, పైగా రెండు వారాల టెన్షన్. మీ ఇంట్లో ఎవరికైనా ఇదే చీటీ వస్తే మాలాగా తిరగకుండా ఉండటానికి ఇది రాస్తున్నాను. నేను డాక్టరుని కాను. మందులు మార్చడం, ఆపడం లాంటివి మీ డాక్టరు చెప్పినట్టే చేయండి. నేను చెప్పేదల్లా ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సిన పనుల గురించి.

ముందు చీటీ మీద ప్రశ్న రాయించుకోండి

పుర్రె అడుగు అంటే మెదడు కూర్చునే ఎముక పళ్లెం. డాక్టర్లు స్కల్ బేస్ అంటారు. ముందువైపు అది ముక్కుకీ కళ్లకీ పైకప్పు. మధ్యలో పిట్యూటరీ గ్రంథి ఒదిగి ఉండే చిన్న గుంట. వెనక చెవి ఎముక, వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం. మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాలూ ఈ పళ్లెంలో ఉన్న రంధ్రాల్లోంచే బయటికి రావాలి. అందుకే ఇక్కడ చిన్న గడ్డ పెరిగినా చెంప తిమ్మిరెక్కడం, ఒకటి రెండుగా కనపడటం, ఒక చెవి వినపడకపోవడం, గొంతు బొంగురుపోవడం లాంటివి వస్తాయి. కత్తి పెట్టి చిన్న ముక్క తీయడం కూడా అన్నిసార్లూ సులువు కాదు. ముక్క తీయకుండా ఎంత తెలిస్తే అంత మంచిదన్న చోట పెట్ స్కాన్ పనికొస్తుంది.

ఎంఆర్ఐ, సిటీ గడ్డ ఆకారాన్ని చూపిస్తాయి. ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఎముకని తిన్నదా, నరాన్ని నొక్కుతోందా అన్నవి వాటిలో తెలుస్తాయి. పెట్ చూపించేది గడ్డ నడవడిని: దాని కణాలు చక్కెర ఎంత లాగుతున్నాయి, వాటి పైన ఫలానా రిసెప్టర్లు, అంటే మందు అతుక్కునే కొక్కేల్లాంటివి, ఉన్నాయా లేవా అని. కాబట్టి ఎంఆర్ఐకి బదులుగా పెట్ తీయరు. ఎంఆర్ఐ చూశాక కూడా తేలని ప్రశ్న ఒకటి ఉంటే, దాని కోసం తీస్తారు.

ఆ ప్రశ్న అందరికీ ఒకటి కాదు. ఒకరికి ఇది మెదడు పైపొర నుంచి వచ్చే మెనింజియోమానా, నరం పొర నుంచి వచ్చే ష్వానోమానా అని తేలాలి. ఇంకొకరికి ముక్కు వెనక కేన్సర్ అని బయాప్సీలో తేలిపోయింది, అది మెడ గడ్డలకీ ఊపిరితిత్తులకీ పాకిందో లేదో చూడాలి. మరొకరి పుర్రె ఎముకలో మచ్చ ఉంది, అది రొమ్ము నుంచో ప్రోస్టేట్ నుంచో వచ్చిందేమో వెతకాలి. రేడియేషన్ అయిపోయినవాళ్లకి మిగిలింది గడ్డా, మానిన మచ్చా అన్నది సందేహం.

డాక్టరుగారిని ఇలా అడగండి: "ఈ స్కాన్‌లో ఏం తేలాలండి? అది చీటీ మీద రాయండి. ఏ మందుతో తీయాలో కూడా రాయండి." రెండో మాట చాలా ముఖ్యం. మా చీటీ మీద అదే లేదు.

ఏ మందుతో తీయాలో తెలుసుకోండి

పెట్ అంటే ఒకే స్కాన్ అనుకుంటాం. యంత్రం ఒకటే, కానీ నరానికి ఎక్కించే మందు వేరు కావచ్చు. మందు మారితే స్కాన్ చూపించేదీ మారిపోతుంది.

మామూలుగా పెట్ అంటే అందరూ తీసేది ఎఫ్‌డీజీ. అది గ్లూకోజ్ లాంటి పదార్థం, దానికి ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువు తగిలించి ఉంటుంది. చురుగ్గా పెరిగే కేన్సర్ కణాలు చక్కెర ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి అక్కడ వెలుగు కనిపిస్తుంది. ముక్కు వెనక కేన్సర్, లింఫోమా, ఎక్కడినుంచో పాకి వచ్చిన కేన్సర్ లాంటి వాటికి ఒళ్లంతా వెతకడానికి ఇది బాగా పనికొస్తుంది.

పుర్రె అడుగు దగ్గర దీనికో పెద్ద చిక్కుంది. ఒంటి బరువులో మెదడు నూటికి రెండు వంతులే, కానీ ఒళ్లు వాడే గ్లూకోజ్‌లో దాదాపు అయిదో వంతు అదే వాడేస్తుంది. ఎఫ్‌డీజీ స్కాన్‌లో మెదడంతా ఎప్పుడూ ధగధగా వెలిగిపోతుంది. అంతర్వేది తీర్థంలో ట్యూబులైట్ల కింద అగ్గిపుల్ల గీస్తే ఎవరికి కనపడుతుంది? మెదడుకి ఆనుకుని నిదానంగా పెరిగే మెనింజియోమా పరిస్థితి అదే. అసలు ఎఫ్‌డీజీని 1976లో మొదటిసారి మనుషులకి ఇచ్చిందే మెదడు చక్కెర వాడకాన్ని చూడటానికి. ఏ పని కోసం తయారైందో ఆ పనే మన గడ్డకి అడ్డొస్తుంది.

రెండోది డోటా స్కాన్. డోటాటేట్, డోటానాక్, డోటాటాక్ అని పేర్లుంటాయి, మూడూ ఒకే కుటుంబం. ఇవి చక్కెర జోలికి పోవు. సొమాటోస్టాటిన్ రిసెప్టర్ అనేది ఉన్న కణాలకి మాత్రమే అతుక్కుంటాయి. మెనింజియోమా కణాల పైన ఆ రిసెప్టర్లు పుష్కలంగా ఉంటాయి, మామూలు మెదడులో దాదాపు ఉండవు. అందుకే వెనకంతా చీకటి, గడ్డ ఒక్కటే వెలుగు. చెవి కింద, మెడ పైభాగాన వచ్చే గ్లోమస్ గడ్డలు అంటే పారాగాంగ్లియోమాలు, ముక్కు పైకప్పులో పుట్టే ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమా కూడా దీనిలో కనిపిస్తాయి. ష్వానోమా సాధారణంగా అంతగా వెలగదు. అందువల్ల ఆ రెండిట్లో ఏదన్న సందేహం వచ్చినప్పుడు డోటా బాగా ఉపయోగపడుతుంది. ఒక మెలిక ఉంది. పిట్యూటరీ గ్రంథి ఏ జబ్బూ లేకపోయినా డోటాలో వెలుగుతుంది. గడ్డ దానికి ఆనుకుని ఉంటే గడ్డ ఎక్కడ ఆగింది, గ్రంథి ఎక్కడ మొదలైంది అన్నది ఎంఆర్ఐ పక్కన పెట్టుకునే చెప్పాలి.

ఇంకా కొన్ని ఉన్నాయి. పారాగాంగ్లియోమాలకి ఎఫ్-డోపా, పిట్యూటరీలోని చిన్న గడ్డలకి మెథియోనిన్ లాంటివి వాడతారు. మెథియోనిన్‌లోని రేడియోధార్మిక కార్బన్-11 సగం కావడానికి 20 నిమిషాలే పడుతుంది. దాన్ని తయారు చేసే యంత్రం, అంటే సైక్లోట్రాన్, ఉన్న ఆవరణలోనే వాడుకోవాలి తప్ప రోడ్డెక్కించలేరు. మనకి ఎదురయ్యేవి ఎక్కువగా ఎఫ్‌డీజీ, డోటా రెండే.

ఫోన్ చేసినప్పుడు ఇవి అడగండి

మేం ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి "హోల్ బాడీయేనా అండి?" అంది. "ఆయ్" అన్నాం. ఏ మందు అని ఆ అమ్మాయి అడగలేదు, మాకు తెలియదు కాబట్టి మేమూ చెప్పలేదు. ఎఫ్‌డీజీకి రాసేసుకున్నారు.

మీరు ఫోన్ చేస్తే మందు పేరుతోనే మొదలుపెట్టండి. డోటా అయితే అది ఏ రోజుల్లో తీస్తారో అడగండి. దాంట్లో వాడే గాలియం-68, 68 నిమిషాల్లో సగమైపోతుంది. దాన్ని ఆస్పత్రిలోనే ఉండే జనరేటర్ నుంచి తీస్తారు. ఆ జనరేటర్‌ని వాళ్లు ఆవు అంటారు, మందు తీయడాన్ని పాలు పిండటం అంటారు. ఒకసారి పిండాక మళ్లీ చేపడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకని రోజుకి కొద్దిమందికే వస్తుంది, పేషెంట్లని కూడబెట్టి ఒకే రోజు పిలుస్తారు.

ఎఫ్‌డీజీది ఇంకో కథ. ఫ్లోరిన్-18 సగం కావడానికి సుమారు 110 నిమిషాలు. సైక్లోట్రాన్ ఉన్న ఊళ్లో తెల్లవారుజామున 4 గంటలకి 16 వంతులు తయారు చేశారనుకోండి, ఉదయం 11.20కి ఒక్క వంతే మిగులుతుంది. చేపల లోడులో ఐసు కరిగినట్టు, ఇదీ దారిలోనే కరిగిపోతుంది. కాబట్టి 9 గంటలకి రమ్మంటే 9కే ఉండాలి. బస్సు లేటైందని రెండు గంటలు ఆలస్యంగా వెళ్తే మీ వాటా మందు ఎవరూ దాచిపెట్టలేరు.

తల, మెడ భాగాన్ని విడిగా, ఎక్కువసేపు తీస్తారా అని కూడా అడగండి. మామూలు హోల్ బాడీలో చేతులు తల పైకి పెట్టిస్తారు. పుర్రె అడుగు చూడాలంటే చేతులు కిందికి పెట్టి, తలని పట్టీతో కదలకుండా ఉంచి, ఆ భాగానికి ప్రత్యేకంగా ఒక విడత తీస్తే బొమ్మ బాగా వస్తుంది. చీటీలో స్కల్ బేస్ అని ఉంటే వాళ్లే చేస్తారు. ఉందని ఫోన్లో గుర్తు చేయండి.

డబ్బు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ, మనవాళ్లు ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు, బయట సెంటర్లో స్కాన్ ఒక్కటే తీయించుకుంటే వర్తిస్తుందా, ఆస్పత్రిలో చేరి చికిత్సలో భాగంగా తీస్తేనా అన్నది ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని ముందే అడగండి. స్కాన్ అయ్యాక అడిగితే లాభం లేదు. బిల్లులన్నీ ఒరిజినల్స్ దాచండి. తర్వాత ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవాలన్నా అవే కావాలి.

తేదీ ఖాయం చేసేముందు కేలండర్ చూసుకోండి

రేడియేషన్ తీసుకున్నవాళ్లకి తొందరపడి ఎఫ్‌డీజీ తీయిస్తే లేనిపోని గాభరా. రేడియేషన్ తగిలిన చోట వాపు ఉంటుంది, ఆ వాపూ చక్కెర లాగుతుంది, స్కాన్‌లో గడ్డలాగే వెలుగుతుంది. అందుకే చివరి డోసు అయ్యాక సాధారణంగా 12 వారాలు ఆగమంటారు. ఆపరేషన్, బయాప్సీ, కీమో తర్వాత కూడా కొన్ని వారాల విరామం ఉంటుంది. ఏది ఏ తేదీన అయ్యిందో ఒక కాగితం మీద రాసి సెంటర్‌కి ఇవ్వండి. రిపోర్టు రాసే డాక్టరుకి ఆ కాగితం చాలా పెద్ద సాయం.

డోటా తీసేవాళ్లలో ఎవరైనా ఆక్ట్రియోటైడ్ లాంటి నెలవారీ ఇంజెక్షన్ తీసుకుంటుంటే, తర్వాతి డోసుకి కాస్త ముందుగా తేదీ పెట్టుకోమంటారు. ఇంజెక్షన్ అప్పటికే రిసెప్టర్లని ఆక్రమించి కూర్చుంటే స్కాన్ మందుకి చోటుండదు.

గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ఫోన్లోనే చెప్పేయాలి. పాలిచ్చే తల్లులైతే బిడ్డకి ఎన్ని గంటలు దూరంగా ఉండాలో అడిగి, ముందే పాలు పిండి పెట్టుకోవాలి.

షుగర్, డెక్సా

ఎఫ్‌డీజీ తీసే రోజున రక్తంలో షుగర్ 200 దాటితే చాలాచోట్ల సూది వేయరు. అసలు చక్కెరే రక్తంలో కిక్కిరిసి ఉంటే, చక్కెర వేషంలో వచ్చిన మందు కణంలోకి ఎలా దూరుతుంది? సరే, గబగబా ఇన్సులిన్ వేసి దించేద్దామంటే అదీ కుదరదు. ఇన్సులిన్ వేశాక మందంతా కండల్లోకి వెళ్లిపోతుంది, గడ్డకి మిగలదు. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కీ ఎఫ్‌డీజీ సూదికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. ఏ పూట ఏ బిళ్ల మానాలి, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలి అన్నది షుగర్ డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. తినకుండా ఇన్సులిన్ వేసుకుని దారిలో కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం నిజంగా ఉంది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ల పేగుల్లో వెలుగు పెంచుతుంది, సిటీ బొమ్మ స్పష్టంగా రావడానికి కాంట్రాస్ట్ అనే మందు ఇస్తే కిడ్నీల లెక్క కూడా చూడాలి. కాబట్టి దాని గురించి విడిగా అడగండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు తాజాది జేబులో ఉంచుకోండి.

చాలామందికి తట్టనిది ఇంకొకటుంది. తలలో గడ్డ అనగానే వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ రాస్తారు. మందుల షాపులో డెక్సా అంటారు. అది స్టెరాయిడ్. షుగర్ లేనివాళ్లకి కూడా షుగర్ పెంచుతుంది. మా చిన్నాన్న మామూలుగా 140కి అటూ ఇటూ ఉండేవారు, డెక్సా మొదలయ్యాక 200 దరిదాపుల్లో తిరుగుతోంది. అది మేం చూసుకోలేదు. అలాగని స్కాన్ కోసం డెక్సాని మీకై మీరు ఆపేయకండి. స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. స్కాన్‌కి నాలుగైదు రోజుల ముందు నుంచి ఇంట్లోనే పొద్దున్న పరగడుపు షుగర్ చూసి రాసుకోండి. ఎక్కువ ఉంటే సెంటర్‌కి బయల్దేరకముందే డాక్టరుకి చెప్పండి.

ముందు రోజు, ప్రయాణం

ఎఫ్‌డీజీకి ముందు రోజు ఒళ్లు అలిసే పని వద్దు. దింపు, ఒలుపు, చెరువు గట్ల మీద మేత బస్తాలు మోయడం, సైకిల్ మీద అయిదారు కిలోమీటర్లు, ఏదీ వద్దు. కష్టపడ్డ కండలు మర్నాడు కూడా చక్కెర లాగుతాయి. మెడ, భుజాల కండలు వెలిగితే పక్కనున్న చిన్న గడ్డల్ని గుర్తించడం కష్టం.

ఇప్పుడు ఉపవాసం. సూదికి కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. మన కార్తీక సోమవారం ఉపవాసంతో దీన్ని పోల్చుకోకండి. అక్కడ పాలు, పండు, ఒక గ్లాసు టీ చెల్లుతాయి, ఇక్కడ చెల్లవు. దగ్గు బిళ్ల, హాల్స్, కిళ్లీ కూడా వద్దు.

మేం తెల్లవారుజామున కారులో బయల్దేరాం. రావులపాలెం దాటాక చిన్నాన్న గొంతెండిపోతోందన్నారు. సీసాలో నీళ్లు అయిపోయాయి. రోడ్డు పక్కన బొండాల బండి. "నీళ్లే కదరా" అన్నారు. డ్రైవరు కూడా "తాగండి బాబాయ్, కొబ్బరినీళ్లకి ఏం కాదండి" అన్నాడు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మాకు కొబ్బరినీళ్లు తిండిలో లెక్క కాదు. రెండు బొండాలు తాగారు. విశాఖలో సూది గుచ్చి చూస్తే 238. కొబ్బరినీళ్లలో చక్కెర ఉంటుంది, లేతబొండంలో తీపి ఎక్కడినుంచి వస్తుంది మరి? డెక్సా ఒకవైపు, బొండాలు ఇంకోవైపు. తీయం, ఇంకో రోజు రండి అన్నారు. కట్టిన అడ్వాన్సులో మందు ఖర్చు మినహాయించుకున్నారు. వాళ్లనీ ఏమనలేం, తెచ్చిన మందు మర్నాటికి నిలవ ఉండదు కదా.

తిరుగు దారిలో డాక్టరుగారికి ఫోన్ చేశాం. జరిగింది చెప్తే ఆయన అంతా విని, "అసలు నేను అనుకున్నది డోటా కదండీ, ఎఫ్‌డీజీకి ఎందుకు వెళ్లారు?" అన్నారు. అంటే ఆ బొండాలు తాగకపోయి ఉంటే మాకు అక్కర్లేని స్కాన్ పూర్తి డబ్బు కట్టి తీయించుకుని వచ్చేవాళ్లం. చిన్నాన్న ఇప్పటికీ దీన్ని తన తెలివితేటల కింద చెప్పుకుంటారు.

డోటాకి ఉపవాసం అక్కర్లేదు. రెండోసారి తునిలో ఆగి ఇడ్లీ తిని వెళ్లాం. అయితే కాంట్రాస్ట్ ఇచ్చే ఆలోచన ఉంటే కాస్త ముందు నుంచి తినొద్దనవచ్చు, ఫోన్లో అడిగేయండి. దూరం వాళ్లు, ముఖ్యంగా హైదరాబాద్ వెళ్లేవాళ్లు, నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లోనో గౌతమిలోనో రాత్రంతా కూర్చుని దిగి నేరుగా స్కాన్‌కి పరిగెత్తకుండా ఒక రోజు ముందే వెళ్లి పడుకోగలిగితే మేలు. చుట్టాలింట్లో దిగితే మాత్రం ముందే చెప్పి ఉంచండి. తాపేశ్వరం కాజా ప్లేటులో పెట్టి "ఒక్కటే" అనకుండా.

తీసుకెళ్లాల్సిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యం ఎంఆర్ఐ డిస్క్. ఫిల్ము కాదు, డిస్క్. కంప్యూటర్‌లో ఆ బొమ్మల్ని పెట్ బొమ్మల మీద పరిచి, ఏ వెలుగు ఏ ఎముక మీద పడిందో చూస్తారు. డిస్క్ ఇంట్లో ఒకసారి కంప్యూటర్‌లో పెట్టి తెరుచుకుంటుందో లేదో చూడండి. బయాప్సీ రిపోర్టు, పాత పెట్ ఉంటే అదీ, మందుల చీటీ, ఆధార్ ఎలాగూ ఉండాలి.

స్కాన్ రోజున

నరానికి సూది పెట్టి మందు ఎక్కించాక దాదాపు గంటసేపు ఒక గదిలో పడుకోబెడతారు. ఎఫ్‌డీజీ అయితే ఆ గంట చాలా ముఖ్యం. మాట్లాడితే గొంతు కండలు, నమిలితే దవడ కండలు చక్కెర లాగుతాయి. దవడ కండలు పుర్రె అడుగుకే అతుక్కుని ఉంటాయి, సరిగ్గా మనం చూడాల్సిన చోటు పక్కనే. కాబట్టి ఫోన్ ఇవ్వకండి, పలకరింపులు వద్దు, చూయింగ్ గమ్ అసలే వద్దు. ఏసీ చలిగా ఉంటే దుప్పటి అడగండి. చలికి మెడ దగ్గరుండే ఒక రకం కొవ్వు వేడి పుట్టించడానికి చక్కెర వాడుతుంది, అది మెడ గడ్డల్లా కనపడి తికమక పెడుతుంది.

లోపలికి వెళ్లేముందు మూత్రానికి వెళ్లి రమ్మంటారు. యంత్రం గుండ్రటి గుమ్మంలా ఉంటుంది, ఎంఆర్ఐలోని ఆ టకటక చప్పుడు ఉండదు. ఇరవై, ముప్ఫై నిమిషాలు. కదలకూడదు, అంతే. కొంచెం కదిలినా సిటీ బొమ్మ ఒకచోట, వెలుగు ఇంకోచోట పడుతుంది. మిగతా ఒంట్లో అది పెద్ద తేడా కాకపోవచ్చు, ఇక్కడ అది ఒక నరానికీ పక్క నరానికీ ఉన్న తేడా.

అయ్యాక బాగా నీళ్లు తాగాలి. ఇప్పుడు బొండాలు తాగొచ్చు, కిడ్నీ జబ్బు లేకపోతే. ఎఫ్‌డీజీలోని ఫ్లోరిన్ 11 గంటలకి 64లో ఒక వంతుకి, 18 గంటలు దాటేసరికి వెయ్యిలో ఒక వంతుకి పడిపోతుంది. గాలియం ఇంకా త్వరగా తగ్గుతుంది. ఆ రోజు మాత్రం గర్భిణులకీ పసిపిల్లలకీ దగ్గరగా కూర్చోకుండా ఉంటే చాలు. బస్సులో వస్తే పక్క సీటు సంగతి చూసుకోండి. మనవరాలు పరుగెత్తుకొచ్చి ఒళ్లో ఎక్కకుండా ఇంట్లో ముందే చెప్పండి. అంటుకునే జబ్బేం కాదు, వేరే కంచం, వేరే గ్లాసు అక్కర్లేదు. మా పిన్ని వేరే గ్లాసు పెట్టింది, చిన్నాన్న రెండు రోజులు అలిగారు.

రిపోర్టు చేతికొచ్చాక

కవరు విప్పగానే అందరి కళ్లూ ఒక అంకె మీద పడతాయి. ఎస్‌యూవీ 8.4 అనో 14 అనో ఉంటుంది. ఎక్కువ ఉంటే పెద్ద కేన్సర్ అని ఎవరో ఒకరు అనేస్తారు. అది మార్కుల లిస్టు కాదు. ఎక్కించిన మందుకీ ఒంటి బరువుకీ లెక్కగట్టి, ఆ చోట మందు ఎంత చేరిందో చెప్పే అంకె. షుగర్ ఎక్కువుంటే మారుతుంది, గంటకి బదులు గంటన్నరకి తీస్తే మారుతుంది, యంత్రం మారితే మారుతుంది. ఎఫ్‌డీజీలో వచ్చిన 8నీ డోటాలో వచ్చిన 8నీ పోల్చడం అరటిగెలనీ వడ్ల బస్తానీ ఒకే లెక్కలో చూడటమే.

ఎఫ్‌డీజీలో వెలిగినదంతా కేన్సర్ కాదు. ప్రమాదం లేని ష్వానోమా కొన్నిసార్లు గట్టిగా వెలుగుతుంది. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అని ఎముక ఉబ్బే, కేన్సర్ కాని మార్పు ఒకటుంది, అదీ వెలుగుతుంది. మెడలో టీబీ గడ్డలూ అంతే. షుగర్ ఉన్న పెద్దవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాల్సింది ఇంకొకటి. చెవిలో మొదలైన ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగి పుర్రె అడుగంతా పాకవచ్చు. రాత్రిళ్లు నిద్రపట్టని చెవిపోటు, చీము, తర్వాత మూతి పక్కకి పోవడం. దాని పేరులో మాలిగ్నెంట్ అన్న మాట ఉంటుంది కానీ అది కేన్సర్ కాదు, ఎక్కువగా సూడోమోనాస్ అనే బాక్టీరియా పని. స్కాన్‌లో కేన్సర్‌లానే కనిపిస్తుంది. 2021లో కోవిడ్ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్ కూడా ఇదే చోటికి పాకేది. అందుకని వెలుగు చూసి చికిత్స మొదలుపెట్టరు, వీలైన చోట ముక్క తీసి తేల్చుకుంటారు. ముక్క ఎక్కడినుంచి తీయాలో చెప్పడానికి పెట్ బాగా పనికొస్తుంది.

వెలగనిదంతా మంచిది కూడా కాదు. పెట్ యంత్రం కళ్లకి వడ్లగింజ పొడవు కంటే చిన్నది సరిగా ఆనదు. లాలాజల గ్రంథుల్లో పుట్టే అడినాయిడ్ సిస్టిక్ లాంటి కేన్సర్లు నరం వెంట దారంలా పాకుతూ పుర్రె రంధ్రాల్లోకి వెళ్తాయి. ఆ దారాన్ని పెట్ చూడలేకపోవచ్చు, మంచి ఎంఆర్ఐ చూస్తుంది. పెట్ బాగుందని ఎంఆర్ఐ మానేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, మొదట చీటీ మీద రాయించుకున్న ప్రశ్న తీసి ముందు పెట్టండి. దానికి జవాబు వచ్చిందా, రాకపోతే బయాప్సీనా, కొన్నాళ్లాగి ఎంఆర్ఐనా అని అడగండి. న్యూరోసర్జన్, ఈఎన్‌టీ, రేడియేషన్ డాక్టరు కలిసి చూసే ట్యూమర్ బోర్డ్ ఉన్న ఆస్పత్రి అయితే ఇంకా నయం. పుర్రె అడుగు ఏ ఒక్క డాక్టరు పొలం కాదు, ముగ్గురి సరిహద్దు అక్కడే కలుస్తుంది.

మా చిన్నాన్నది డోటాలో గట్టిగా వెలిగింది. ఎంఆర్ఐతో కలిపి చూసి మెనింజియోమా అన్నారు. కంటి నరాలకి చుట్టుకుని ఉంది కాబట్టి కత్తి పెట్టకుండా రేడియేషన్ ఇచ్చారు. ఆ డోటా బొమ్మ మీదే గడ్డ అంచు గీసుకుని, ఎముకలోకి పాకిన చిన్న తోకని కూడా కలుపుకున్నారు. ఎంఆర్ఐలో ఆ తోక గడ్డో వాపో తేలక సందేహంగా ఉండిపోయిందట.

మళ్లీ తీయాల్సి వస్తే అదే సెంటర్‌లో, అదే మందుతో తీయించుకోండి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలుంటుంది. రిపోర్టు కాగితంతో పాటు పెట్ డిస్క్ కూడా అడిగి తీసుకోండి. దాని కవరు మీద మందు పేరు, ఎక్కించిన టైము, ఆ రోజు షుగర్ రాయండి. మా చిన్నాన్న తన డిస్కుని పొలం పాస్‌బుక్కుతో పాటు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆర్నెల్లకి చెకప్‌కి వెళ్లేటప్పుడు తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తురాక ఇల్లంతా వెతికాం.